మంచినీటితో వచ్చే ఉప్పు

మే నెలలో కృష్ణా డెల్టా చివరి భూముల్లో గట్టు మీద నడిస్తే కాళ్ల కింద తెల్లటి పొర పెళపెళమంటుంది. వేలితో గీకి నాలుక కొసన పెట్టుకుంటే ఉప్పు. సముద్రం పక్కనే ఉంది కాబట్టి అక్కడి నుంచే వచ్చిందనుకుంటాం. కొంత నిజమే. కానీ సముద్రానికి దూరంగా, సాగర్ కుడి కాలువ కింద కూడా చౌడు మచ్చలు పడ్డాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. లీటరు కాలువ నీటిలో 300 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకోండి. తాగితే తెలియనే తెలియదు. వరికి పంటకాలం మొత్తం మీద మీటరు లోతు నీరు పెడితే ఎకరానికి దాదాపు 4,000 ఘనపు మీటర్లు. అందులో ఉప్పు 1.2 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 24. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. పైగా ఏళ్ల తరబడి నీరు ఇంకి భూగర్భ జలం నేల పైనుంచి మీటరున్నర లోతు కంటే పైకి వచ్చిందంటే, వేసవిలో నేల దీపం వత్తిలా పనిచేస్తుంది. వత్తి నూనెను లాగినట్టు మట్టి ఉప్పునీటిని పైకి లాగుతుంది. ఎండకు నీరు ఎగిరిపోతే మిగిలేదే గట్టు మీది ఆ తెల్లపొర.

వరి ఉప్పును పెద్దగా ఓర్చుకోదు. ఉప్పు ఎక్కువయ్యే కొద్దీ పెరిగే మట్టి ద్రావణం విద్యుద్వాహకత మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఆపైన ఒక్కో యూనిట్‌కూ సుమారు 12 శాతం పోతుంది. విత్తనం బాగానే మొలకెత్తుతుంది, చిక్కంతా లేత నారుకు. అందుకే అనుభవమున్న రైతు మంచి నేలలో నారు పోసి, కాస్త ముదిరాక, కుదురుకు రెండు మొక్కలు ఎక్కువే నాటుతాడు. మళ్లీ పూత దశలో గండం. అప్పుడు ఉప్పు తగిలితే కంకి నిటారుగానే నిలబడుతుంది, చేత్తో నలిపితే అంతా తాలు.

అయినా చౌడు నేలకు వరినే ఎంచుకోవడంలో అర్థముంది. మడిలో నిలిచిన నీరు ఉప్పును కిందికి నెడుతుంది. అడుగు మందం మట్టిలోంచి అడుగు లోతు నీరు దిగితే నాలుగింట మూడు వంతులకు అటూ ఇటూగా ఉప్పు కొట్టుకుపోతుందని ఒక మోటు లెక్క. డెల్టా నల్లరేగడిలో, అందులోనూ నీరు పెట్టి బురదగా దున్ని దమ్ము చేశాక, నీరు అంత సులభంగా దిగదు. అందుకే మొదట నీరు పెట్టి, కలియదున్ని, రెండు మూడు రోజులు నిలిపి ఆ నీటిని బయటికి తీసేస్తారు.

ఇక్కడ జిప్సం పేరెత్తేవారు చాలామంది. అది పనికొచ్చేది కారుచౌడుకు. ఆ నేలలో సోడియం బంకమట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది, ఉదజని సూచిక (pH) 8.5 దాటుతుంది, గ్లాసులో కలిపిన మట్టినీరు మర్నాటికీ తేరుకోదు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తప్పించి తాను కూర్చుంటుంది. పచ్చిరొట్ట పైరు జీలుగ వేసి కలియదున్నితే ఇంకా మేలు. పైన తెల్లటి ఉప్పు పొర కట్టే పాలచౌడులో మాత్రం జిప్సం ఖర్చు దండగ, కావలసింది కడిగే నీరు, అది పోయే దారి.

ఆ దారి మీద మనకు ఎప్పుడూ చిన్నచూపే. పంట కాలువకు నీరు రాకపోతే ఊరంతా కదులుతుంది, మురుగు కాలువ పూడితే ఎవరూ పలకరు. డెల్టాల్లో మురుగు పారుదల కోసం 1968లోనే ప్రత్యేక సుంకం చట్టం తెచ్చారంటే సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. భూమిలో చిల్లుల గొట్టాలు వేసి ఉప్పునీటిని లాగే పద్ధతిని కోనంకి, ఉప్పుగుండూరు పొలాల్లో పరీక్షించి చూశారు కూడా. ఆ గొట్టాల నీరు చివరికి చేరేది మురుగు కాలువకే. గుర్రపుడెక్క అల్లుకుని, కాలువలో నీటి మట్టం మడి కంటే ఎత్తులో నిలిస్తే, కడిగిన ఉప్పు వెనక్కి తిరిగి మళ్లీ అదే మడిలోకి వస్తుంది.