పెట్టెలతో పాటు ప్రయాణించిన నల్లులు

మదనపల్లె పొలాల్లో టమాటా పూత పిందెగా మారడానికి గాలి చాలావరకు సాయపడుతుంది. తుమ్మెదలు, నీలిచారల తేనెటీగలు పువ్వును పట్టుకుని ఝుమ్మని కంపించి పుప్పొడి రాలుస్తాయి. ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌస్‌లోకి గాలి సరిగా రాదు, తుమ్మెదా రాదు. అందుకే యూరప్‌లో వాడే బంబుల్ తేనెటీగల (ఒంటినిండా నూగుండే బొద్దు తేనెటీగలు) పెట్టెలు మనకూ ఉంటే బాగుండునని ఇక్కడి రైతుకు అనిపించడం సహజం. ఆ పెట్టెల వెనుక కథ మాత్రం తెలిసి ఉండాలి.

బంబుల్ తేనెటీగల గూడు చలికాలానికి ముందే అంతరిస్తుంది. జతకట్టిన కొత్త రాణులే మట్టిలో ఒంటరిగా నిద్రించి, వసంతంలో మళ్లీ గూడు మొదలుపెడతాయి. ఒక రాణి పోతే ఒక గూడే పోయినట్టు. మట్టిలో ఉన్నప్పుడే స్ఫెరులేరియా అనే నులిపురుగు వాటి ఒంట్లో చేరుతుంది. ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త రోమ్యూర్ దీన్ని 1742లోనే గమనించాడు. 1837లో మరో శాస్త్రవేత్త ద్యూఫూర్ పేరు పెట్టాడు. పురుగు సోకిన రాణికి అండాశయాలు ఎదగవు. గూడు కట్టకుండా నేలకు దగ్గరగా తిరుగుతూ, మట్టి తవ్వుతూ, రేపటి రాణులు నిద్రించబోయే చోటే పురుగు పిల్లలను వదిలి చచ్చిపోతుంది. తలచుకుంటేనే జాలి వేస్తుంది.

రాణి వీపున గుంపుగా కనిపించే గోధుమరంగు నల్లులకు (మంచంలో నల్లులు కావు, మైట్లు అనే చిన్న జీవులు) అంతగా భయపడనక్కర్లేదు. వాటిలో ఎక్కువ భాగం గూటి నుంచి గూటికి సవారీ చేసేవే. పొట్టలోని గాలిసంచుల్లో దాగి ఒంట్లోని ద్రవాన్ని పీల్చే లోకస్టాకారస్ నల్లి వేరు. అది పైకి కనిపించదు.

1980ల చివర్లో బెల్జియం, నెదర్లాండ్స్‌లలో ఈ పెట్టెల వ్యాపారం మొదలైంది. 1990ల్లో జపాన్‌కు దిగుమతైన పెట్టెల్లో ఆ నల్లి ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. చిలీ 1990ల చివర్లో తెప్పించుకున్న యూరప్ జాతి ఆండీస్ పర్వతాలు దాటి అర్జెంటీనా చేరింది. దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియా సొంత జాతి డాల్‌బోమీ, ప్రపంచంలోని అతిపెద్ద బంబుల్ తేనెటీగల్లో ఒకటి, ఆ యూరప్ జాతి అడుగుపెట్టిన చోటల్లా కనుమరుగవుతూ వచ్చింది. తిండికి పోటీతో పాటు వెంట వచ్చిన పరాన్నజీవుల మీదా బలమైన అనుమానం ఉంది.

దక్షిణాదికి ఇలాంటి దెబ్బ కొత్త కాదు. 1990ల తొలినాళ్లలో తేనెటీగల పిల్లపురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ సోకి కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో దేశవాళీ తేనెటీగల పెట్టెలు పెద్దఎత్తున ఖాళీ అయ్యాయి.

హిమాచల్‌లో మన హిమాలయ జాతి బంబుల్ తేనెటీగను పాలీహౌస్ టమాటాకు వాడే పరిశోధనలు జరిగాయి. దేశం ఒకటే అయినా శేషాచలం తుమ్మెదలకు అదీ పరాయిదే. ఏ పెట్టె వచ్చినా ముందు పరాన్నజీవుల పరీక్ష జరగాలి. అంతవరకు పాలీహౌస్‌లో పూగుత్తులను చేత్తో తట్టడం, బ్యాటరీతో కంపించే పరికరం వాడటం పనికొస్తాయి.