‘ఇంకొంచెం గట్టిగా నొక్కండి మేడమ్’: యోగా క్లాసులో అపోహలు – వాస్తవాలు

మొన్న మంగళవారం మళ్లీ అదే మాట. పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే ఆసనంలో ఉన్నావిడ, వయసు యాభై దాటింది, తలెత్తకుండానే అడిగింది: "వీపు మీద కూర్చోండి మేడమ్. పాత క్లాసులో సార్ అలాగే చేసేవారు, నుదురు మోకాళ్లకి ఆనేది." పన్నెండేళ్లుగా యోగా చెబుతున్నాను. నెలకొకసారైనా ఇది వింటాను.

అపోహ: టీచర్ నొక్కితే ఒళ్లు వంగుతుంది.

వాస్తవం: తొడ వెనక కండరాలు పట్టేసి ఉంటే కటి ముందుకు తిరగదు. అప్పుడు పైనుంచి వేసిన బరువంతా నడుము డిస్కుల మీద పడుతుంది. లేదంటే ఆ కండరం కూర్చునే ఎముకకి అతుక్కునే చోట టెండన్ చిరుగుతుంది. నుదురు ఆనింది కదా అంటారు. ఆనింది, వీపు గూనిలా వంగి! మెనోపాజ్ దాటాక ఎముకలు బోలుబారిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. అలాంటి వాళ్లకి ఈ నొక్కుడుతో వెన్నుపూసే నలిగిపోవచ్చు.

నాకిది అనుభవమే నేర్పింది. నేర్చుకునే రోజుల్లో ఒక సీనియర్ టీచర్ నా వీపు మీద తన బరువంతా వేశారు. పిరుదు కింద టప్‌మని చిన్న చప్పుడు. "తెరుచుకుంది" అన్నారాయన సంతోషంగా. ఎనిమిది నెలలు చెక్క కుర్చీలో కూర్చోలేకపోయాను. బస్సులో ఒక పక్కకి ఒరిగి కూర్చునేదాన్ని. తెరుచుకున్నదేమీ లేదు, చిరిగింది.

మంగళవారం ఆవిడని మడత దుప్పట్ల మీద కూర్చోబెట్టి, మోకాళ్లు కాస్త వంచమన్నాను. "చెయ్యి వేయనా?" అని అడిగాకే అరచేయి మొత్తం నడుము కింది త్రికాస్థి మీద ఆనించాను. వేళ్ల కొసలతో పొడవకూడదు. ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే ముందుకు దారి చూపించాలి, అదీ నిద్రపోయే పసిపిల్ల వీపు మీద చెయ్యి వేసినంత బరువుతో. "పర్లేదు మేడమ్" అంటూనే ఊపిరి బిగబట్టేవాళ్లే ఎక్కువ. నోటి మాట నమ్మకండి, పక్కటెముకలు చూడండి. అవి కదలడం ఆగితే చెయ్యి తీసేయాలి.

అపోహ: బద్ధకోణాసనంలో (అరికాళ్లు రెండూ కలిపి, మోకాళ్లు పక్కలకి వాల్చి కూర్చునే ఆసనం) మోకాళ్లు నేలకి నొక్కాలి.

తిరగాల్సింది తుంటి. అది తిరగనప్పుడు నొక్కితే మోకాలు మెలిపడుతుంది. తుంటి ఎముకల ఆకారం మనిషికో రకం. కొందరికి పద్మాసనం ఈ జన్మలో రాదు, రాకపోతే వచ్చే నష్టమూ లేదు.

అపోహ: పాత గురువులు ఇలాగే నేర్పారు.

1930లలో మైసూరు ప్యాలెస్ యోగశాలలో యోగా గురువు కృష్ణమాచార్య గారి ముందున్నవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు. మన ముందుకొచ్చేవి పదేళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నడుములు. యోగసూత్రాల్లో పతంజలి కూడా "స్థిరసుఖమాసనమ్" అన్నాడు, ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని. ఆ ‘సుఖం’ ఎవరికీ గుర్తుండదు.

ఇక శీర్షాసనం, సర్వాంగాసనంలో తల, మెడ ముట్టుకోవద్దు, కాళ్లు పట్టి లాగొద్దు. దీని మీద చర్చ లేదు.

చెయ్యి వేయకపోతే పని రాదనుకుంటారేమోనని కొత్త టీచర్లకి టెన్షన్. నాకూ ఉండేది. ఇప్పుడు ప్రతి మ్యాట్ పక్కనా చిన్న అట్టముక్క పెడుతున్నాను, ఒక వైపు ‘సరే’, రెండో వైపు ‘వద్దు’. ఎవరు ఏ వైపు తిప్పినా కారణం అడగను.

మంగళవారం ఆవిడ నుదురు మోకాళ్లకి జానెడు దూరంలోనే ఆగిపోయింది. చెప్పులేసుకుంటూ అనుమానంగా అడిగింది: "ఇవాళ నడుము పట్టలేదేంటి మేడమ్?"