సిమెంటు పుయ్యకముందే పిలవండి: పాత కట్టడాల పనిపై అపోహలు - వాస్తవాలు

పాత గుళ్లు, కోటలు, బావుల చరిత్ర వెలికితీసి వాటిని కాపాడటం నా వృత్తి. ఏ ఊరెళ్లినా వినిపించే మాటలు ఇవి.

అపోహ: గుడి కింద నిధి ఉంది. మీకు తెలుసు, చెప్పరు.
వాస్తవం: ఈ ఆశతో తవ్వినవాళ్ల చేతిలో పగిలిన నందులు, పెకిలించిన లింగాలు ఎన్నో చూశాను. ఒకవేళ దొరికినా అది నేరుగా మీ ఇంటికి రాదు. పది రూపాయలకు మించి విలువున్న నిక్షేపం ఏది బయటపడినా కలెక్టరుకు చెప్పాల్సిందేనని 1878 నాటి చట్టమే ఉంది.

అపోహ: బీటలు వారిన గుడికి సిమెంటు పూస్తే గట్టిపడుతుంది.
వాస్తవం: నిధుల వేటకన్నా ఈ భక్తే ఎక్కువ కట్టడాలను తినేస్తోంది. పాత గోడల్లో ఉన్నది డంగు సున్నం. సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి చేసేది. అది తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే తేమకు దారి ఉండదు. లోపలి ఉప్పు తెల్లగా పొంగుతుంది, రాయి పెచ్చులుగా రాలుతుంది. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లో, వెనకటి మరమ్మతుల సిమెంటును ఒలిచి తీయడమే ఒక పెద్ద పని అయింది.

పెయింటూ అంతే. శాసనానికి అచ్చు తీయాలంటే రాయి కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దుతాం. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా లేస్తాయి. జాతరకని ఎనామిల్ పూసిన రాయి మీద గుంటలు పూడిపోయి, సగం పంక్తులు అలుక్కుపోతాయి. దాత పేరు కొత్తగా రాయించడానికి, ఎనిమిది వందల ఏళ్ల కిందటి దాత పేరు చెరిపేస్తున్నారన్నమాట!

అపోహ: రక్షిత కట్టడంగా ప్రకటిస్తే పక్కన మా ఇల్లు పోతుంది.
వాస్తవం: పోదు. కేంద్ర రక్షిత కట్టడమైతే 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. ఉన్న ఇంటిని అనుమతితో బాగుచేసుకోవచ్చు. ఆ అనుమతి కోసం తిరగడం టెన్షనే, కాదనను.

అపోహ: చరిత్రకారుడికి పుస్తకాలు తప్ప పనేముంది?
వాస్తవం: సగం పని కాగితాలతోనే. పాత పటాలు, రెవెన్యూ రికార్డులు, జాబితాలు. అసెంబ్లీ భవనం కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. నగర వారసత్వ కట్టడాల జాబితాలో దాని పేరుండటం ఆ కేసులో కీలకమైంది.

ఇక ఉద్యోగాలంటారా, పర్మనెంట్ పోస్టులు తక్కువ, ప్రాజెక్టు కాంట్రాక్టులే ఎక్కువ. ఎంఏ ఒక్కటే సరిపోదు. కాకతీయుల కాలం మీద పనికి పాత తెలుగు లిపి చదవడం రావాలి. హైదరాబాద్ మీదైతే ఉర్దూ, ఫారసీ కూడా నేర్చుకోండి.