మందు ఉచితమయ్యాక మనిషి ఎందుకు? గంజాం సరిహద్దులో ఒక పాత ప్రశ్న

హెపటైటిస్‌ చికిత్సా కేంద్రాల్లో కాంట్రాక్టులు పొడిగించాల్సిన వేళ వచ్చిందంటే ఈ ప్రశ్న మళ్లీ బల్ల మీదికి వస్తుంది. కాలేయాన్ని దెబ్బతీసే ఈ జబ్బుకు పరీక్ష ఉచితం, మందు ఉచితం. ఆసుపత్రిలో కౌన్సిలర్‌ ఉన్నారు, ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది. మధ్యలో అదే జబ్బు దాటివచ్చి రోగుల వెంట నడిచే ఈ ‘తోటి సహాయకుడు’ దేనికి? లెక్కలు చూసే అధికారి అడగదగిన ప్రశ్నే. జవాబు మాత్రం లెక్కల పుస్తకంలో దొరకదు.

వైరస్‌ ఎలా సోకుతుందన్న పాఠం ఇక్కడ వద్దు. మందు కథ కూడా క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. హెపటైటిస్‌ సికి సోఫోస్‌బువిర్‌ అనే మందు 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందినప్పుడు అక్కడ ఒక్కో మాత్ర 1,000 డాలర్లు. 84 రోజుల చికిత్సకు 84,000. మరుసటి ఏడాది మన కంపెనీలకు లైసెన్సు దక్కడంతో ధర నేలకు దిగింది. 2016లో పంజాబ్‌ తన రోగులకు ఉచితంగా ఇచ్చింది. 2018 జూలై 28న హెపటైటిస్‌ నియంత్రణకు జాతీయ కార్యక్రమం మొదలైంది. చాలామంది ఇక్కడే కథ ముగిస్తారు.

అసలు మలుపు ఇంకా వెనక ఉంది. 1992లో కోల్‌కతా సోనాగాచీలో డాక్టర్‌ స్మరజిత్‌ జానా ఎయిడ్స్‌ నివారణ పని మొదలుపెట్టారు. ఆయన చేసింది వినడానికి చిన్న పనే: ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగానికి అక్కడి సెక్స్‌ వర్కర్లనే తీసుకున్నారు. ఉపదేశం వినాల్సినవాళ్లుగా కాదు, డబ్బు తీసుకుని పని చేసేవాళ్లుగా. డాక్టరు గడప ఎక్కలేని ఇంట్లో వాళ్లు మంచం మీద కూర్చుని మాట్లాడగలిగారు. మూడేళ్లకు వాళ్లదే ఒక సంఘం ఏర్పడింది. ఆ పద్ధతి తర్వాత జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ కార్యక్రమంలోకి వచ్చి, ‘పీర్‌ ఎడ్యుకేటర్‌’ పేరుతో దేశమంతా పాకింది. హిజ్రాల దగ్గరికి హిజ్రానే, సూదితో మత్తుమందు తీసుకునే అలవాటున్నవాడి దగ్గరికి ఆ అలవాటు తెలిసినవాడే వెళ్లాలన్నది సూత్రం.

ఆంధ్రను ఆనుకున్న ఒడిశా గంజాం జిల్లాకు ఈ సూత్రం తొందరగానే అవసరపడింది. ఇక్కడి మగవాళ్లు వేలమంది సూరత్‌ మరమగ్గాల మీద బతుకుతారు. ఆ రాకపోకల వెంటే హెచ్‌ఐవీ వచ్చింది, దాని వెనకే ఊరి భయమూ వచ్చింది. కాబట్టి 2018లో హెపటైటిస్‌ చికిత్సా కేంద్రానికి సిబ్బందిని రాసుకున్నప్పుడు ఫార్మసిస్టు, డేటా ఎంట్రీ ఆపరేటరు పక్కన తోటి సహాయకుడికీ ఒక కుర్చీ వేశారు. అది దయతో వేసిన కుర్చీ కాదు, పాతికేళ్ల అనుభవంతో వేసింది. ఇప్పుడు ఆ కుర్చీ ఖర్చు గురించే గొణుగుడు.

ఈ సరిహద్దులో అతని పని ఏమిటో ఒక ఆసుపత్రి వరండాలో చూశాను. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి కోడలిగా వచ్చిన అమ్మాయి. కడుపు స్కానింగుకు మర్నాడు ‘ఖాలి పేటరే’ రమ్మన్నారట. ఒడియాలో అంటే పరగడుపున అని. ఆమె వెళ్లబోతూ పక్కనున్నామెను అడిగింది: “ఖాళీ పేట ఎక్కడమ్మా, ఆటో వెళ్తుందా?” నవ్వు వచ్చే మాటే కానీ, ఆ అమ్మాయి నవ్వే స్థితిలో లేదు. తోటి సహాయకురాలు చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. కామెర్లకు నాటు పసరు పోయించావా అని మొదటే అడిగింది. పోయించుకుందని కౌన్సిలర్‌కు చెప్పలేదట, తిడతారని. ఈమెకు చెప్పింది.

మందు సీసాలో 28 మాత్రలు. మొత్తం మూడు సీసాలు. రెండో సీసాకల్లా మనిషి సూరత్‌ రైలెక్కేస్తాడు. మూడో సీసా ఎవరి చేత పంపాలి, ఏ మగ్గం షెడ్డుకు పంపాలి అన్నది ఆశా కార్యకర్తకు తెలియదు. అదే షెడ్డులో పనిచేసి వచ్చినవాడికి తెలుస్తుంది. వైరస్‌ పోయిందో లేదో చూడటానికి మందు అయిపోయిన 12 వారాలకు చేయాల్సిన ఆఖరి పరీక్ష మరీ కష్టం. ఒంట్లో బాగుంటే ఆసుపత్రికి ఎవరు వస్తారు?

మరో చిక్కు కూడా ఉంది. వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీ నయమయ్యాక కూడా రక్తంలో మిగిలే ఉంటుంది; కిట్‌ పరీక్ష చూసేది దాన్నే. అదే వరండాలో ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన కిట్‌ పరీక్ష చీటీ పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ పాజిటివ్‌. మందు దండగయిందనే అనుకున్నాడు. డాక్టరు చెప్పినా ఎక్కలేదు. తోటి సహాయకుడు తన సంచిలోంచి మడతలు పడిన సొంత కాగితాలు తీశాడు.

“ఇదిగో అన్నా, నాదీ పాజిటివే. ఆ గీత పోదు. చూడాల్సింది ఈ రెండో కాగితం, వైరస్‌ ఎంత ఉందో లెక్క. నాకు లేదు. నీకూ లేదు.”

అంటూనే ఆ రోగి రెండో కాగితం పైన పెన్నుతో రాసిచ్చాడు: ‘ముందు ఇది చూపించు.’