కార్డ్ టెస్టింగ్: మన చిన్న సైటు జోలికి ఎవడొస్తాడు?

అపోహ: మాది మారతహళ్ళిలో పచ్చళ్ళ దుకాణం, సైటులో రోజుకి నలభై ఆర్డర్లు. మా మీద ఎవడు పడతాడు?

వాస్తవం: దొంగకి గోంగూర అక్కర్లేదు. చేతిలో దొంగ కార్డు నంబర్ల మూట ఉంది, అందులో ఏవి బతికున్నాయో తేలాలి. కార్డ్ టెస్టింగ్ అంటే ఇదే. కార్డు నంబరు తీసుకుని అయిందో కాలేదో చెప్పే పేజీ దొరికితే చాలు. అమెరికాలోని మనవాళ్ళకి పొడులు పంపడానికి విదేశీ కార్డులు తెరిచిపెట్టిన సైటు వాడికి ఇష్టం. విరాళాల పేజీ ఇంకా ఇష్టం: లాగిన్ ఉండదు, అడ్రసు అడగరు, పది రూపాయలు కొట్టినా తీసుకుంటుంది.

అపోహ: ఓటీపీ ఉందిగా.

వాస్తవం: ఆర్‌బీఐ 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసిన, ఓటీపీ లాంటి ఆ రెండో అంచె తనిఖీ మన బ్యాంకుల కార్డులకి. విదేశీ కార్డు, గేట్‌వే (మీ సైటులో కార్డు చెల్లింపులు నడిపే సంస్థ) సెట్టింగును బట్టి, త్రీడీఎస్ (చెల్లించేది కార్డుదారేనా అని బ్యాంకు సరిచూసే అంచె) లేకుండానే దాటిపోవచ్చు. ఆ సెట్టింగు మీ ఖాతాలో ఎలా ఉందో ఈరోజే అడగండి.

అపోహ: డబ్బు పడలేదు కాబట్టి నష్టం లేదు.

వాస్తవం: విఫలమైన ప్రయత్నం కూడా వాడికి జవాబే. బ్యాంకు తిప్పికొడుతూ పంపే కోడ్ 14 అంటే నంబరే తప్పు. 54 అంటే గడువు తీరింది. 51, అంటే బ్యాలెన్స్ చాలదు అని వస్తే కార్డు బతికే ఉందన్నమాట, దాన్ని పక్కన దాచుకుంటాడు. ఈ కోడ్‌ని ఉన్నదున్నట్టు చూపించే సైటు దొంగకి జీతం లేని గుమస్తా. కస్టమరుకి ఒకటే మాట చెప్పండి: 'చెల్లింపు జరగలేదు, వేరే పద్ధతిలో ప్రయత్నించండి.' అసలు కోడ్ మీ లాగ్‌లో ఉంటే చాలు. చాలా సైట్లలో తెర మీద మాట మార్చి, సర్వర్ పంపే జవాబులో మాత్రం కోడ్ అలాగే వదిలేస్తారు. బాట్ (దొంగ నడిపే ప్రోగ్రాం) చదివేది దాన్నే.

పైగా కొన్ని ఒప్పందాల్లో విఫలమైన ప్రయత్నానికీ ఫీజు పడుతుంది.

అపోహ: క్యాప్చా పెట్టాం, ఐపీలు బ్లాక్ చేస్తున్నాం.

వాస్తవం: బాట్‌కి మీ పేజీ తెరవాల్సిన పనిలేదు, పేమెంట్ ఏపీఐని (పేజీ వెనక చెల్లింపు వివరాలు అందుకునే దారిని) నేరుగా కొట్టగలదు. క్యాప్చా దాటినందుకు వచ్చే టోకెన్‌ని సర్వర్‌లో సరిచూడకపోతే అది గుమ్మానికి కట్టిన తోరణం. టోకెన్ ఒక్కసారే చెల్లాలి. సర్వర్ సృష్టించిన ఆర్డర్ ఐడీ లేకుండా చెల్లింపు మొదలవకూడదు, ఒక ఆర్డరుకి మూడు ప్రయత్నాలు మించకూడదు. ఐపీ ఒక్కో ప్రయత్నానికీ మారిపోతుంది. అందుకని గేట్‌వే ఇచ్చే బిన్ (ఏ బ్యాంకు కార్డో చెప్పే మొదటి అంకెలు), కార్డు దేశం, డివైస్, ఈమెయిల్ వారీగా లెక్కపెట్టండి. మామూలుగా గంటకి 20 ప్రయత్నాల్లో 4 విఫలమయ్యే సైటులో తెల్లవారుజామున 3 గంటలకి 900 వచ్చి, 870 విఫలమై, అన్నిటికీ బిన్ ఒకటే అయితే ఇంకేం అనుమానం?

నంబరు సరైనదో కాదో ఫారంలోనే లూన్ లెక్కతో (చివరి అంకెని సరిచూసే సూత్రంతో) చూస్తున్నామని కొందరి ధీమా. చివరి అంకె ముందున్న అంకెల నుంచి వచ్చేదే కాబట్టి ఆ లెక్క దొంగా వేసుకుంటాడు.

అపోహ: దాడి జరిగితే సైటు మూసేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ముందు ఆ బిన్‌ని, కుదరకపోతే విదేశీ కార్డులన్నిటినీ ఆపండి. యూపీఐ నడుస్తూనే ఉంటుంది. తర్వాత దొంగకి సఫలమైన చెల్లింపులు వెతకండి: వందల వైఫల్యాల మధ్య కొన్ని ఉంటాయి, చాలావరకు చిన్న మొత్తాలే. సరుకు పంపకండి, ఆ రోజే రీఫండ్ చేసేయండి. వదిలేస్తే అసలు కార్డుదారు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు, పది రూపాయల చెల్లింపు మీద చార్జ్‌బ్యాక్ (బ్యాంకు మీ దగ్గర్నుంచి డబ్బు వెనక్కి లాక్కోవడం) ఫీజు అంతకంటే ఎక్కువే పడొచ్చు. సమయాలు, బిన్లు, ఐపీలతో గేట్‌వేకి రాయండి. ఉత్త 'దాడి జరిగింది' అని రాస్తే వాళ్ళూ అవే అడుగుతారు.