"నాకోసం టైమే లేదు": బెంగళూరులో నేను రోజూ వినే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

నేను మారతహళ్ళి - వైట్‌ఫీల్డ్ వైపు కౌన్సెలింగ్ చేస్తాను. వచ్చేవాళ్ళలో చాలామంది మన తెలుగువాళ్ళే. నిద్ర పట్టడం లేదనో, పిల్లల మీద ఊరికే అరిచేస్తున్నామనో వస్తారు. మాట్లాడుతూ పోతే, రోజు మొత్తంలో తమకంటూ అరగంట కూడా లేదన్న సంగతి బయటపడుతుంది. ఎందుకు లేదో వాళ్ళు చెప్పే కారణాల్లో కొన్ని నిజమైనవే, చాలావరకు మాత్రం అపోహలు. ఏళ్ళ తరబడి జనాన్ని టైమ్‌కి దూరం చేసేవి ఆ అపోహలే.

అపోహ: పనులన్నీ అయ్యాక టైమ్ మిగులుతుంది

మిగలదు. పనికి ఎంత గడువుంటే అంతవరకూ అది సాగుతుందని బ్రిటిష్ రచయిత సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లోనే రాశారు. ఆయన చెప్పింది ప్రభుత్వ కార్యాలయాల గురించి, కానీ మన ఇళ్ళకి కూడా అతికినట్టు సరిపోతుంది. సాయంత్రం మీటింగ్ క్యాన్సిలైందనుకోండి. ఆ అరగంటలో నాలుగు మెయిల్స్‌కి జవాబిస్తాం, ఆరిన బట్టలు మడతపెడతాం, కూరగాయలు ఆర్డర్ పెడతాం. అరగంట అయిపోయింది.

అందుకే మొదట టైమ్ ఖాయం చేసుకోమంటాను, పనులు దాని చుట్టూ సర్దుకుంటాయి. "వీలున్నప్పుడు నడుస్తా" అంటే ఎప్పటికీ కుదరదు. "మంగళ, గురువారాలు సాయంత్రం 7 నుంచి 7:40" అని క్యాలెండర్లో పెట్టుకోవాలి, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. ఇంట్లోవాళ్ళకి తెలియని టైమ్ మీది కాదు, ఎవరు పిలిస్తే వాళ్ళది.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే రెండు గంటలు కలిసొస్తాయి

రాత్రి తొమ్మిదింటికి పడుకోగలిగేవాళ్ళకి కలిసొస్తాయి. అమెరికా టీమ్‌తో రాత్రి పదిన్నరకి కాల్ ఉన్నవాళ్ళు నాలుగింటికి లేస్తే ఆ రెండు గంటలూ నిద్రలోంచి కోసుకున్నవే. పెద్దవాళ్ళకి కనీసం 7 గంటల నిద్ర కావాలి. అది తగ్గితే గంటలో అయ్యే పని గంటన్నర పడుతుంది, సాయంత్రానికి చిరాకు మొదలవుతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పగలంతా అందరికీ సమాధానం చెప్పుకుంటూ తిరిగిన మనిషి, అందరూ పడుకున్నాక పన్నెండున్నర దాకా ఫోన్ చూస్తూ ఉంటుంది. "నాకు క్రమశిక్షణ లేదండి" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. నేను దాన్ని క్రమశిక్షణ సమస్యగా చూడను. పగలు దొరకాల్సింది దొరక్క రాత్రి దాన్ని లాక్కుంటున్నారు. ఇలాంటివాళ్ళకి ఫోన్ దాచేయమని చెప్పడం వల్ల లాభం లేదు. రాత్రి భోజనానికి ముందే ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకుండా చూసుకోమంటాను. అది నిలబడితే చాలామందికి అర్ధరాత్రి ఫోన్ దానంతటదే తగ్గుతుంది.

అపోహ: ఒకేసారి రెండు పనులు చేస్తే టైమ్ ఆదా

చేతికి అలవాటైన పనులైతే పర్వాలేదు. అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ బీన్స్ తరగొచ్చు. కానీ మీటింగ్ వింటూ ఇంకో రిపోర్ట్ రాయడం కుదరదు. ఒక పని మధ్యలో వదిలి రెండోదానికి వెళ్తే, ధ్యాస కొంత మొదటి పనిలోనే చిక్కుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ 2009లో పరిశోధన చేసి చూపించారు. చాలామందికి ఆఫీసు ఇంటిదాకా వెంట వచ్చేది ఇందుకే. లాప్‌టాప్ మూసే ముందు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క వాక్యం రాసి పెట్టండి.

అపోహ: వంటావిడ, పనావిడ ఉంటే ఇంట్లో ఆడవాళ్ళకి టైమే టైమ్

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎక్కువ కాపురాల్లో గొడవ మొదలయ్యేది ఇక్కడే.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ సర్వేలో తెల్లవారుజాము 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా రోజుని అరగంటల గడులుగా చేసి రాసుకుంటారు. నేనూ అలాంటి కాగితమే ఇస్తాను, పక్కన ఇంకో గడి కలిపి: ఆ అరగంటలో చేతిలో ఉన్న పని ఒకటి, తలలో తిరుగుతున్నది ఇంకొకటి.

ఒక జంట వచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్, ఒక పాప. "వంటావిడ ఉంది, పనావిడ ఉంది, అయినా ఈవిడకి టైమ్ ఎందుకు చాలదో నాకర్థం కావట్లేదండి" అన్నాడాయన, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, ఒక మామూలు బుధవారం రాసుకురమ్మన్నాను. పొద్దున ఆరున్నర గడిలో ఆయన రాసింది "వాకింగ్". తలలో ఏముందనే చోట ఏమీ లేదు. అదే గడిలో ఆవిడ చేతిలో పని "కాఫీ". తలలో మాత్రం: "వంటావిడకి కూర చెప్పాలి, తోటకూర ఉందో లేదో, శుక్రవారం స్కూలుకి పసుపు గౌను, గ్యాస్ బుక్ చేయాలి, అత్తయ్యగారి బీపీ మాత్రలు అయిపోవచ్చాయి." ఆఫీసులో స్టాండప్ మీటింగ్ గడిలో స్కూల్ వ్యాన్ డ్రైవర్ ఫోన్. రాత్రి పది గడిలో "మినప్పప్పు నానబెట్టానా?"

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చదివాడు. "పప్పు నానబెట్టడం కూడా నువ్వే గుర్తుపెట్టుకుంటున్నావా?" అని అడిగాడు.

వంటావిడ వంట చేస్తుంది, నిజమే. ఏం వండాలో, దానికి ఇంట్లో ఏముందో, ఆవిడ రాకపోతే ఏం చేయాలో ఆలోచించే పని ఇంకొకరి మీద ఉంటుంది. డబ్బిచ్చి చేయించుకున్న పనికి కూడా ఇంట్లో ఒకరు కాపలా కాస్తూనే ఉన్నారు.

అందుకే "సాయం చేయండి" అని నేను మగవాళ్ళకి చెప్పను. సాయం అంటే ఏం చేయాలో మళ్ళీ ఆవిడే చెప్పాలి. పనిని మొత్తంగా తీసుకోమంటాను. ఆ ఇంట్లో పాప స్కూలు వ్యవహారమంతా ఆయన తీసుకున్నాడు: డైరీ, ఫీజు, వ్యాన్, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్, పసుపు గౌను. మొదట్లో కొన్ని మర్చిపోయాడు. గుర్తుచేయకుండా ఉండటం తనకి అన్నిటికంటే కష్టమైందని ఆవిడ చెప్పింది. ఇప్పుడు శనివారం పొద్దున ఆవిడ ఒక్కతే కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ నడిచి వస్తుంది. ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్తుంది.

అపోహ: ట్రాఫిక్‌లో పోయే టైమ్‌కి మనం చేయగలిగిందేమీ లేదు

నగరాల ట్రాఫిక్‌ని కొలిచే టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో బెంగళూరులో 10 కిలోమీటర్ల ప్రయాణానికి సగటున 34 నిమిషాలు పట్టింది. ఆఫీసు 15 కిలోమీటర్ల దూరమైతే రానూపోనూ దాదాపు గంటా నలభై నిమిషాలు. ట్రాఫిక్‌ని ఎవరూ మార్చలేరు గానీ, స్టీరింగ్ చేతిలో ఉండటం, లేకపోవడం మాత్రం కొందరి చేతిలో ఉంది. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరులో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, యెల్లో లైన్ 2025 ఆగస్టులో సిల్క్ బోర్డ్, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా మొదలైంది. మెట్రోలో అదే సమయం పట్టినా చదువుకోవచ్చు, కళ్ళు మూసుకోవచ్చు. మెట్రో దగ్గర లేనివాళ్ళు కనీసం వారానికి రెండు రోజులైనా బయల్దేరే టైమ్ ముందుకో వెనక్కో జరపగలరేమో మేనేజర్‌ని అడగండి. అడగకుండానే "ఒప్పుకోరు" అని తేల్చేసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

అపోహ: రోజంతా ఖాళీ ఉంటేనే హాయి

2021లో షరీఫ్, మొగిల్నర్, హెర్ష్‌ఫీల్డ్ అనే పరిశోధకులు అమెరికన్లు రోజూ టైమ్ ఎలా గడుపుతారో ఆ లెక్కలు చూశారు. రోజుకి రెండు గంటలకంటే తక్కువ ఖాళీ ఉన్నవాళ్ళలోనే కాదు, ఐదు గంటలు దాటినవాళ్ళలో కూడా తృప్తి తగ్గుతూ కనిపించింది.

నాకిది వినగానే మనవల్ని చూసుకోవడానికి విజయవాడ నుంచో అనంతపురం నుంచో వచ్చి ఇక్కడ పన్నెండో అంతస్తులో ఉండే అమ్మమ్మలు, తాతయ్యలు గుర్తొస్తారు. పాప స్కూలుకి వెళ్ళాక మూడింటి దాకా ఖాళీనే. కానీ భాష రాదు, తెలిసిన వీధి లేదు, గుడికి ఎవరైనా తీసుకెళ్ళాలి. మూడింటి తర్వాత తొమ్మిది దాకా కూర్చునే తీరిక లేదు. "అమ్మకేం, ఇంట్లోనే ఉంటుందిగా" అనుకునే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. ఆవిడకి కూడా తనకు నచ్చినట్టు గడిపే గంట కావాలి, ఆదివారం పాపని మీరే చూసుకోండి.

అపోహ: టైమ్ దొరికితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి

అలసట అయితే సర్దుకుంటుంది. కానీ టైమ్ దొరికినా ఇష్టమైన పని మీద మనసు పోకపోవడం, దిగులు రెండు వారాలకి మించి వదలకపోవడం, ఆకలి, నిద్ర బాగా మారిపోవడం ఉంటే అది టైమ్ సమస్య కాదు. డాక్టర్‌నో సైకాలజిస్టునో కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.