హెడ్‌ఫోన్‌లో చిటపట వస్తే సౌండ్ కార్డు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. ఈ ఊరివాళ్ళే కాదు, సరిహద్దు అవతల పాతపట్నం నుంచి, ఇటు కాశీనగరం, గుణుపురం నుంచి కూడా వస్తారు. హెడ్‌ఫోన్‌లో గరగర అంటూ వచ్చేవాళ్ళు చాలావరకు ముందే తీర్పు చెప్పేస్తారు: "సౌండ్ కార్డు పోయింది బాబూ, కొత్తది వేసెయ్." నిజంగా సౌండ్ కార్డే పోయిన కేసులు నాకు చాలా తక్కువ తగిలాయి. అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం చాలామంది తగిలారు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. "సౌండ్ బాగాలేదు" అంటే నాకేమీ తెలియదు. ఒక పెద్దావిడ "పేలాలు వేగినట్టు వినిపిస్తోంది నాయనా" అంది, ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. పేలాలు వేగినట్టు ఆగి ఆగి చిటపట వస్తే ఒక దారి, ఎడతెగకుండా గుంయ్ మంటే ఇంకో దారి, తీగ కదిపినప్పుడే గరగరమంటే వేరే దారి. మౌస్ కదిపితే జిర్రుమంటే అదీ వేరే.

అపోహ: గరగర వచ్చిందంటే హెడ్‌ఫోన్ గానీ సౌండ్ కార్డు గానీ మార్చాల్సిందే.

వాస్తవం: అదే హెడ్‌ఫోన్ ఫోన్‌కి పెట్టి అదే పాట వినండి. అక్కడా గరగర వస్తే తప్పు హెడ్‌ఫోన్‌దే, చాలాసార్లు పిన్ను మొదట్లో తీగ లోపల తెగి ఉంటుంది. ఫోన్‌లో బాగుంటే కంప్యూటర్ జాక్‌లో పిన్నును మెల్లగా తిప్పి చూడండి. తిప్పినప్పుడు శబ్దం మారితే జాక్ లోపల మురికి గానీ, చిలుము గానీ పట్టి ఉంటుంది, మన దగ్గర వానాకాలం తేమకి ఇది మామూలే. కంప్యూటర్ ఆపేసి, పిన్నుకి కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి, జాక్‌లో పది సార్లు పెట్టి తీసి, బాగా ఆరనివ్వండి. శానిటైజర్ వాడకండి, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, అది ఆరకుండా జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె పోసి తెచ్చినవాళ్ళూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

పాటలో వాద్యాలన్నీ వినిపిస్తూ గొంతు మాత్రం మాయమైతే కంగారు పడకండి. మైక్ ఉన్న ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్నుకి మూడు నల్ల గీతలుంటాయి, దాన్ని డెస్క్‌టాప్ వెనక ఉన్న పాతకాలపు జాక్‌లో పెడితే ఒక్కోసారి గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్ళే దారి) సరిగా తగలక ఇలా అవుతుంది. మైక్ బటన్ నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగొస్తే ఇదే సంగతి అనుకోండి, మైక్‌నీ, హెడ్‌ఫోన్‌నీ రెండు పిన్నులుగా విడదీసే చిన్న స్ప్లిటర్ చాలు.

అపోహ: జాక్ శుభ్రంగా ఉంది, హెడ్‌ఫోన్ కొత్తది, అయినా చిటపట ఆగలేదంటే ఇక కార్డే.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పని కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. ఒక మాస్టారి లాప్‌టాప్‌కి జాక్ మార్చి డబ్బు తీసుకున్నాను, రెండు రోజుల్లో అదే చిటపటతో ఆయన తిరిగొచ్చారు. డబ్బు వెనక్కిచ్చాను గానీ అసలు కారణం తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

సంగతేమిటంటే, కంప్యూటర్‌లో పాట నీళ్ళ ధారలా ఏకంగా రాదు. సౌండ్ కార్డు ముందు చిన్న తొట్టి లాంటిది ఉంటుంది, ప్రాసెసర్ దాన్ని నింపుతూ ఉండాలి, కార్డు అందులోంచి తోడుకుంటూ ఉంటుంది. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కొలిచిన అంకెల్ని శాంపిల్స్ అంటారు, సెకనుకి 48,000 శాంపిల్స్ లెక్కన 10 మిల్లీసెకన్ల తొట్టిలో పట్టేది 480 శాంపిల్సే. ఈలోగా వైఫై డ్రైవరో (డ్రైవర్ అంటే ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్), గ్రాఫిక్స్ డ్రైవరో, బ్యాటరీని చూసుకునే ప్రోగ్రామో ప్రాసెసర్‌ని కాసేపు వదలకుండా పట్టుకుందనుకోండి, తొట్టి ఖాళీ అవుతుంది, మీ చెవిలో టప్ మంటుంది. సౌండ్ కార్డు తప్పు ఇందులో ఏమీ లేదు. మాస్టారి లాప్‌టాప్‌లో వైఫై ఆపగానే చిటపట ఆగిపోయింది, వైఫై డ్రైవర్ పాత వెర్షన్ వేస్తే శాశ్వతంగా పోయింది.

విండోస్‌లో దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ ఉంది. దాన్ని నడిపి, పాట పెట్టి, పది నిమిషాలు వదిలేయండి, తర్వాత డ్రైవర్ల జాబితాలో ఎవరు ఎక్కువసేపు ప్రాసెసర్‌ని పట్టుకున్నారో కనిపిస్తుంది. ఎన్‌డీఐఎస్ పేరుంటే నెట్‌వర్క్ వైపు, ఏసీపీఐ అని ఉంటే పవర్ మేనేజ్‌మెంట్ వైపు వెతకాలి. ఇంకో తేలిక పరీక్ష కూడా ఉంది: విండోస్ లాంటిదే అయిన ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లోంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే పాట వినండి. అక్కడ శుభ్రంగా వస్తే మీ హార్డ్‌వేర్ దాదాపు బాగున్నట్టే, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయొచ్చు.

అపోహ: కొత్త డ్రైవర్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి. కొన్నిసార్లు కొత్తదే గొడవ తెస్తుంది. డివైస్ మేనేజర్‌లో సౌండ్ డ్రైవర్ అప్‌డేట్‌కి వెళ్ళి, ఆటోమేటిక్‌గా కాకుండా జాబితాలోంచి మనమే ఎంచుకునే దారి పట్టి, మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' వేసి చూడండి. ఎన్నో లాప్‌టాప్‌లకి ఈ ఒక్క మార్పే సరిపోయింది. సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ (శబ్దానికి అదనంగా అద్దే మెరుగులు) కూడా ఆపేయండి.

అపోహ: శాంపిల్ రేటు 192000 పెడితే నాణ్యత పెరుగుతుంది. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటి వినలేదు, అంతవరకు 44100 గానీ 48000 గానీ చాలు. పెద్ద నంబరు పెడితే పెరిగేది పని భారమే. చిటపట ఉంటే ముందు 48000కి దించండి. పాటలు, వీడియోలు ఆడించే వీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో వాల్యూమ్ 100 శాతం దాటిస్తే వచ్చే బరబర కూడా రోగం కాదు, శబ్దం పై అంచు తెగిపోవడం వల్ల వస్తుంది, తగ్గిస్తే పోతుంది.

అపోహ: యూఎస్‌బీ సౌండ్ కార్డు కొంటే ఏ సమస్యైనా తీరిపోతుంది.

వాస్తవం: సగం మాత్రమే నిజం. మౌస్ కదిపితే జిర్రుమనే రొద డెస్క్‌టాప్ ముందున్న జాక్‌కి వెళ్ళే తీగ ఏరుకునే రొద, దానికి యూఎస్‌బీ కార్డు పనిచేస్తుంది. కానీ ఏమీ కొనకముందు వెనకనున్న పచ్చ జాక్‌లో పెట్టి చూడండి, అక్కడ రొద లేకపోతే డబ్బు మిగిలినట్టే. ప్రాసెసర్ ఆలస్యం వల్ల వచ్చే చిటపటకి మాత్రం యూఎస్‌బీ కార్డు మందు కాదు, అదీ ఆ ప్రాసెసర్ మీదే ఆధారపడుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అయితే పక్కనే ఉన్న యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ తీసి వినండి. అలాంటి పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ప్రాసెసర్లు తయారుచేసే ఇంటెల్ కంపెనీ 2012లోనే ఒక పత్రంలో చెప్పింది.

ఇక గుంయ్ మనే శబ్దం. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. ఆగిపోతే చార్జర్‌నో, ఇంటి ఎర్తింగ్‌నో అనుమానించాలి. పాత ఇళ్ళలో మూడో పిన్ను కన్నానికి తీగే ఉండదు, లేదా ఎర్త్ గుంట ఎండాకాలంలో ఎండిపోయి ఉంటుంది. మూడో పిన్ను విరగ్గొడితే శబ్దం పోతుందని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణానికి రక్షణగా పెట్టినది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి.

రిపేరుకి వచ్చేటప్పుడు చార్జర్, మీరు వాడే హెడ్‌ఫోన్ రెండూ తీసుకురండి. చాలామంది లాప్‌టాప్ ఒక్కటే తెస్తారు, నా హెడ్‌ఫోన్‌లో ఏ శబ్దమూ రాదు, వాళ్ళు ఇంటికెళ్ళాక మళ్ళీ మొదలవుతుంది. వీలైతే శబ్దం వచ్చిన సమయంలో ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో, చార్జర్ పెట్టి ఉందో లేదో ఒక కాగితం మీద రాసి తెండి.